చేటెత్తే చెయ్యి

కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకం గురించి నలుగురు మాట్లాడుకుంటున్నప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇప్పుడే ఏం చెప్తాం, నిలిచేదేదో కాలమే తేలుస్తుంది." పెద్దమనిషి తరహా మాట ఇది. తొందరపడి తీర్పు చెప్పకూడదన్న జాగ్రత్త ఇందులో ఉంది. అయితే ఈ మాట అన్నాక సాధారణంగా జరిగేది ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేయడమే. కాలం తేల్చేదాకా మనం చదవనక్కర్లేదన్న అర్థం దానికి ఎలాగో వచ్చి చేరింది. ఈ పది పదిహేనేళ్లలో వచ్చిన తెలుగు పుస్తకాలను నెల రోజులపాటు వరసబెట్టి చదివితే ఈ మాట మీద నమ్మకం సడలుతుంది. అలా సడలడం ఎందుకు మంచిదో, తన కాలపు పుస్తకం చదివే పాఠకుడు నిజానికి ఏ పని చేస్తున్నాడో ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

కళ్లం పనులు తెలిసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నూర్చిన ధాన్యాన్ని తూర్పారబట్టాలంటే గాలి కావాలి. గాలి లేనిరోజు ఎంత పనిమంతుడైనా గింజనీ తాలునీ విడదీయలేడు. అంతమాత్రాన ఆ పని గాలే చేసిందని ఎవరూ అనరు. గాలివాలు చూసుకుని నిలబడి, చేట నిండా ఎత్తి, పైకి పట్టి, కొద్దికొద్దిగా జారవిడిచే మనిషి ఉంటేనే తాలు అవతలికి ఎగిరి గట్టిగింజ కాళ్ల దగ్గర రాశి పడుతుంది. ఎత్తే చెయ్యి లేకపోతే ఎన్ని రోజులు గాలి వీచినా కుప్ప కుప్పగానే ఉంటుంది. ఒక్క వాన పడితే తాలుతోపాటు గింజ కూడా మురిగిపోతుంది. పుస్తకాల విషయంలో కాలం ఆ గాలి లాంటిది. చేటెత్తే పని మాత్రం ఏ కాలపు పాఠకులు ఆ కాలంలో చేసుకోవలసిందే.

పోలిక ఎంత బాగున్నా అది రుజువు కాదు. రుజువుకు మన సాహిత్య చరిత్ర దగ్గరికే వెళ్దాం. తెలుగులో ఆధునిక కథ ఎక్కడ మొదలైందంటే 1910లో వచ్చిన గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' పేరు చెప్పడం మనకు చాలాకాలంగా అలవాటు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1902లో, 'హిందూ సుందరి' పత్రికలో భండారు అచ్చమాంబ గారి 'ధన త్రయోదశి' అచ్చయింది. ఏది తొలి కథ అన్న వాదన సంగతి అటుంచుదాం. అసలు ఆ వాదన రావడానికైనా ఆమె కథలు మన కంటబడాలి కదా. అచ్చమాంబ గారు 1905లో, ముప్పై ఏళ్ల ప్రాయంలోనే కన్నుమూశారు. పత్రికల పుటల్లో ఉన్న ఆమె కథలను ఏరి ఒకచోట చేర్చి పాఠకుల చేతికి ఇవ్వడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఈ నూరేళ్లూ కాలం తన పని తాను చేస్తూనే ఉంది. కాగితం పసుపెక్కింది, పత్రికల ప్రతులు అరుదైపోయాయి, పేరు మరుగున పడింది. కాలం తనంతట తాను చేయగలిగింది అంతే. ఆ కథలను మళ్లీ వెలుగులోకి తెచ్చింది గ్రంథాలయాల్లో కూర్చుని పాత సంచికలు తిరగేసిన పరిశోధకుల చేతులు. అవి కదలకపోయి ఉంటే, "నిలవలేదు గనక గొప్పవి కావు" అని మనం ఈపాటికి తీర్మానించేసేవాళ్లం.

దీనికి ఎదురుగా మరో ఉదాహరణ ఉంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాల్లో ఎక్కువ భాగం 1930లలో రాసినవి. పుస్తకంగా వచ్చింది 1950లో. దానికి చలం గారు ముందుమాట రాసింది 1940లో. పుస్తకమే లేని పదేళ్లకు పైబడిన కాలంలో ఆ గీతాలను బతికించిందెవరు? పత్రికల్లో చదివినవాళ్లు, చేత్తో రాసుకున్నవాళ్లు, సభల్లో విని నోటికి పట్టించుకున్నవాళ్లు. ఒక రచయిత తన సాటి రచయితను చదివి, ఏ నిఘంటువూ ఏ పాఠ్యపుస్తకమూ సాక్ష్యం చెప్పకముందే, ఇది ఇలాంటి కవిత్వమని నిలబడి చెప్పాడు. ఇవాళ మనం మహాప్రస్థానాన్ని కాలపరీక్షకు నిలిచిన పుస్తకం అంటాం. ఆ పరీక్ష పెట్టిందీ, దిద్దిందీ ఆనాటి పాఠకులే. మనకు అందింది వాళ్లు వేసిన మార్కుల పట్టిక.

ఈ సంగతిని కాళీపట్నం రామారావు గారు గ్రహించినంత స్పష్టంగా మరెవరూ గ్రహించి ఉండరు. కథకుడిగా ఎంతో పేరున్న ఆయన జీవితపు మలిభాగాన్ని ఇతరుల కథలు పోగుచేయడానికి వెచ్చించారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పి, చెదలు తినేలోపు పాత పత్రికలనూ సంపుటాలనూ అక్కడికి చేర్చారు. ఇది మంచి కథా కాదా అని ముందే అడగకుండా అన్నిటినీ చేర్చడంలో పెద్ద వివేకం ఉంది. గింజో తాలో తేలాలంటే ముందు కుప్ప తడవకుండా ఉండాలి. ఇక ఏ యేడు పంటను ఆ యేడే తూర్పారబట్టే పనిని 1990 నుంచి కథాసాహితి సంస్థ చేపట్టింది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గార్ల సంపాదకత్వంలో ఏటా వెలువడుతూ వచ్చిన 'కథ' సంకలనాలను వరసగా పేర్చి చూస్తే, రైతు అప్పులు, వలసలు, గ్లోబలైజేషన్, దళిత, స్త్రీ, ముస్లిం, ప్రాంతీయ గొంతులు ఒకదాని తర్వాత ఒకటి కథలోకి ఎలా నడిచివచ్చాయో కనిపిస్తుంది. యాభై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి తేలుస్తారని వాళ్లు కూర్చోలేదు. ఆ ఎంపికతో పేచీ ఉన్నవాళ్లు వేరే సంకలనాలు తెచ్చారు. తెలంగాణ కథకు విడిగా వార్షిక సంకలనాలు వచ్చాయి. ఒక చేటకు అందని గింజ మరో చేటకు అందింది.

ఇప్పుడు మన నెల చదువులోకి వద్దాం. ఐదు పుస్తకాలు తీసుకుందాం. మొదటిది బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమను, అనంతపురం హండే పాలకుల కాలాన్ని, కోటల వైపు నుంచి కాకుండా మామూలు మనుషుల వైపు నుంచి చూసిన చారిత్రక నవల. రెండోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. కరువుకు మేత దొరక్క గొర్రెల మందలను నల్లమల అడవికి తోలుకుపోయే కాపరుల కథ. మూడోది మదనపల్లె వైపు పల్లెలో కూలి పనులూ సేద్యం పనులూ చేసుకుంటూ, గ్రామీణ మహిళలే నడిపిన 'నవోదయం' పత్రికలో పనిచేసిన ఎండపల్లి భారతి గారి 'ఎదారి బతుకులు'. ఒక్కొక్కటీ రెండు మూడు పేజీలు దాటని చిన్న చిన్న కథలు. నాలుగోది నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన యువ రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో'. గోర్ బంజారాల జీవితం తెలుగు కథలోకి వాళ్ల నోటితోనే వచ్చిన పుస్తకం. ఐదోది అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు'. చేపల చెరువులు రాకముందు కొల్లేటి ఒడ్డు పల్లెలు ఎలా ఉండేవో, ఆ సరస్సు ఎలా చేజారిపోయిందో చెప్పే నవల.

వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా చదివినా మంచి పుస్తకం చదివామన్న తృప్తి మిగులుతుంది. నెల రోజుల్లో ఐదూ చదివితే అంతకుమించినది ఒకటి దొరుకుతుంది. ఈ రచయితలు ఒకరినొకరు సంప్రదించుకుని రాయలేదు. ప్రాంతాలు వేరు, కులాలు వేరు, వయసులు వేరు, పలుకుబడులు వేరు. అయినా ఐదు పుస్తకాల అడుగునా ఒకే ప్రశ్న పారుతోంది: నేలను, నీటిని, అడవిని నమ్ముకుని బతికేవాళ్లకు వాటి మీద చెల్లుబాటు ఎందుకు లేకుండా పోతోంది? గొర్రెకు మేత వెతుక్కుంటూ అడవికి పోయే కాపరికీ, తండా మనిషికీ, కొల్లేటి నీళ్లు తాగి పెరిగిన పల్లెకూ, పరాయి పొలంలో కలుపు తీసే ఆడమనిషికీ ఈ ప్రశ్న ఉమ్మడి. రాయలసీమ గతంలోకి వెళ్లిన నవల కూడా చివరికి ఈ నేల ఎవరిదన్న చోటుకే మనల్ని తెస్తుంది. ఈ కాలపు తెలుగు సాహిత్యం దేనికోసం తపిస్తోందో ఏ చరిత్రకారుడూ ఇంకా పాఠ్యపుస్తకంలో రాయలేదు. పుస్తకం పక్కన పుస్తకం పెట్టి చదివిన పాఠకుడికి మాత్రం అది ఇప్పుడే కనిపిస్తుంది. "ఈ రోజుల్లో పెద్ద పుస్తకం ఏదీ రావడం లేదు" అనే ఫిర్యాదుకు కారణం కొంతవరకు మనం విడివిడిగా, ఎడమెడంగా చదవడమే. ఒక్కో ఏటిపాయను చూసి నీళ్లు తక్కువన్నామే తప్ప, పాయలన్నీ కలిసేచోటికి నడవలేదు.

సమకాలీన పాఠకుడికి ఉన్న మరో బలం రేపటి పాఠకుడికి ఉండదు. పుస్తకాన్ని జీవితంతో సరిచూసుకునే వీలు అది. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడం నిన్నమొన్నటి సంగతులు. చెరువులకు ముందున్న కొల్లేటిని కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. నవల చెప్పింది ఎంత నిజమో, దేన్ని వదిలేసిందో వాళ్లు చెప్పగలరు. కొండపొలం పోయివచ్చిన కాపరి ఆ నవలలో మందను కట్టడి చేసే తీరు సరిగ్గా ఉందో లేదో చెప్పగలడు. సొంత లిపి లేని బంజారా భాష గోర్ బోలీ మాటలు తెలుగు అక్షరాల్లో ఒదిగాయో లేదో తండా మనిషి చెప్పగలడు. ఇంకో యాభై ఏళ్లకు ఈ మాటలకు పుటల అడుగున అర్థాలు ఇవ్వాల్సి వస్తుంది. అర్థం రాసేవాడికి ఆధారం కూడా ఇవాళ చదివి చెప్పినవాళ్ల మాటే. కనుక సమకాలీన పాఠకుడు న్యాయం చెప్పడంతో పాటు సాక్ష్యం కూడా చెబుతాడు. న్యాయం చెప్పేవాళ్లు తర్వాతి తరంలోనూ దొరుకుతారు. సాక్షులు దొరకరు.

ఇక అభ్యంతరాలు. మొదటిది గట్టిది. జీవితం చిన్నది, తిక్కన నుంచి చలం దాకా చదవాల్సినవి కొండలా ఉన్నాయి, విలువ తేలిన పుస్తకాలు వదిలి తేలనివాటి మీద కాలం ఎందుకు పెట్టాలి? పాత పుస్తకాల విలువను ఎవరూ కాదనలేరు. తూచడానికి రాళ్లు కావాలి, ఆ రాళ్లు మనకు పెద్దలిచ్చినవే. తిక్కన సంభాషణ నడిపిన తీరు తెలిసినవాడికి ఇవాళ్టి నవలలో సంభాషణ ఎక్కడ చచ్చుబడిందో ఇట్టే తెలుస్తుంది. అయితే తూకపురాళ్లు వరసగా పేర్చుకుని ఏ సరుకూ తూయని కొట్టు ఎవరికి ఉపయోగం? పాతవి చదవడం వల్ల వచ్చిన వివేకాన్ని కొత్తవాటి మీద వాడినప్పుడే అది వివేకమని రుజువవుతుంది. అదీగాక, విలువ తేలిందని మనం ధీమాగా చదువుతున్న ప్రతి పుస్తకమూ ఒకప్పుడు విలువ తేలనిదే. ఆనాటి పాఠకులు కూడా ఈ లెక్కే వేసుకుని ఉంటే మన చేతికి ఏదీ వచ్చేది కాదు.

రెండో అభ్యంతరం: దగ్గరివాళ్ల తీర్పులో పక్షపాతం ఉంటుంది. స్నేహాలు, కులం, ప్రాంతం, రాజకీయం కళ్లకు అడ్డొస్తాయి. ఇది నిజం. చలాన్ని ఆయన కాలంలో ఎంతమంది ఎంత దూషించారో తెలిసిందే. కాని గమనించండి, ఆ దూషణ కూడా చదివినవాళ్లే చేశారు, తాము ఎందుకు కాదంటున్నారో చెప్పి మరీ కాదన్నారు. కారణం చెప్పి ఇచ్చిన తప్పు తీర్పును తర్వాతివాళ్లు దిద్దుకోవచ్చు. ఆ కారణం ఏ భయం నుంచి పుట్టిందో కూడా కనిపెట్టవచ్చు. తీర్పే లేనిచోట దిద్దడానికి ఏమీ ఉండదు. అచ్చమాంబ కథలకు జరిగిన నష్టం అలాంటిదే. దూషణ కన్నా మౌనం ప్రమాదకరం. పక్షపాతానికి విరుగుడు దూరం జరగడం కాదు, చదివేవాళ్లు పదిమంది కావడం. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం 'తానా' నడిపే నవలల పోటీ 1997లో చంద్రలత గారి 'రేగడివిత్తులు'ను, 2017లో 'శప్తభూమి'ని, 2019లో 'కొండపొలం'ను ముందుకు తెచ్చింది. 'శప్తభూమి'కి 2019లో సాహిత్య అకాడెమీ, 'ఢావ్లో'కు 2024లో అకాడెమీ యువ పురస్కారం వచ్చాయి. ఇవన్నీ సమకాలికుల తీర్పులే. ఒక్కో పోటీకి ఒక్కో చూపు ఉంటుంది. అవి ఎన్ని ఎక్కువుంటే పొరపాటుకు అంత తక్కువ చోటుంటుంది. అయితే బహుమతి ఏటా రెండు మూడు పుస్తకాలకు మించి ఎత్తలేదు. మిగతా వందల పుస్తకాల భారం మామూలు పాఠకుడి మీదే ఉంటుంది.

మూడో అభ్యంతరం భాష గురించి. ఇవాళ్టి పుస్తకాలు యాసలో ఉంటున్నాయి, కోస్తా పాఠకుడికి సీమ మాట, సీమ పాఠకుడికి తండా మాట కొరుకుడుపడటం లేదంటారు. మొదటి పాతిక పేజీల వరకు ఈ ఇబ్బంది ఉన్న మాట వాస్తవం. ఆ తర్వాత చెవి అలవాటుపడుతుంది. కొత్తకోడలు అత్తింటి పలుకుబడికి అలవాటుపడినట్టే. గిడుగు రామమూర్తి గారు పండితుల గ్రాంథికంతో పోరాడి మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు సంపాదించారు. ఆ చోటు చాలాకాలం కొద్ది జిల్లాల, కొద్ది కులాల మాటకే పరిమితమైంది. ఇవాళ ఎండపల్లి భారతి గారి లాంటివాళ్లు తమ ఇంటి మాటతో అందులోకి వస్తుంటే, గిడుగు వారు తెరిచిన తలుపు ఇప్పుడు బార్లా తెరుచుకుంటోందన్నమాట. అర్థం కాలేదని మొదటి పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తే, మన చేట ఒక జిల్లా గింజలకే సరిపోయే చేట అవుతుంది.

ఇంతవరకు పుస్తకాల తరఫున మాట్లాడాను. తూర్పారబట్టడమంటే తాలును తాలు అనడం కూడా. ఇవాళ్టి తెలుగు పుస్తకాల్లో లోపాలు లేవా? ఉన్నాయి. పాత్ర మాట్లాడాల్సిన చోట రచయిత ఉపన్యాసం మొదలవుతుంది. ముగింపుకు తొందరపడి, బాధితుడికి చివరి పేరాలో చైతన్యం తెప్పించేస్తారు. పది కథల్లో ఏడు చాలని చెప్పే సంపాదకుడు ఉండడు. ప్రూఫులు చూసే ఓపిక కరువై పేజీపేజీకీ అచ్చుతప్పులు. వీటికన్నా పెద్ద చేటు పొగడ్త వల్ల జరుగుతోంది. ముందుమాటలు మూడు, వెనక అట్ట మీద అభినందనలు నాలుగు, ఆవిష్కరణ సభలో ప్రతి పుస్తకమూ మైలురాయే. నిజాయితీగా రాసే సమీక్షకు పత్రికల్లో మిగిలిన చోటు జానెడు. అన్నీ గొప్పవే అన్నప్పుడు నిజంగా గొప్పదానికి అన్యాయం జరుగుతుంది. తాలూ గింజా కలిపి గాదెలో పోసినట్టే. మెచ్చుకోవడం మానమని కాదు, ఏ పేజీ ఎందుకు బాగుందో చెప్పి మెచ్చుకోవాలి, ఏ కథ ఎక్కడ తడబడిందో చెప్పి నొచ్చుకోవాలి. రచయితకు అంతకు మించిన గౌరవం లేదు, తనను వాక్యం వాక్యంగా చదివినవాడు ఉన్నాడని తెలియడం కన్నా.

పెద్ద పథకాలేవీ అక్కర్లేకుండా చేయగల పని ఇది. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైమాటే. కథల పుస్తకమో కవితల పుస్తకమో వేస్తే మొదటి ముద్రణ చాలాసార్లు ఐదువందలు, లేదా వెయ్యి. ఇంత తక్కువ ప్రతులున్న చోట ప్రతి పాఠకుడి చెయ్యీ లెక్కలోకి వస్తుంది. నూటయాభై పేజీల పుస్తకాలు నాలుగు, నెలకు ఆరువందల పేజీలు, రోజుకు ఇరవై. వాటిలో ఒకటి మీ జిల్లాది కానిది, ఒకటి మీ కులమో మతమో కానివాళ్లు రాసింది, ఒకటి పాతికేళ్ల లోపు మనిషి రాసింది ఉండేలా చూసుకోండి. కొనలేకపోతే గ్రంథాలయానికి వెళ్లి అడగండి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, కొత్త పుస్తకం ఎందుకు లేదని అడిగే హక్కు మనకుంది. చదివాక ఒక్క పేజీ రాయండి. ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఎందుకు. ఆ పేజీ రచయితకు పంపండి, ఇంకో పాఠకుడికి చూపండి, తారీఖు వేసి దాచండి.

ఆ తారీఖు వేసిన పేజీకి ఎంత విలువ ఉంటుందో ఇవాళ మనకు తెలియదు. 1902లో 'హిందూ సుందరి' చదివిన ఏ ఇల్లాలైనా 'ధన త్రయోదశి' గురించి అలాంటి పేజీ ఒకటి రాసి దాచి ఉంటే, మన కథ చరిత్ర మొదటి పుట ఎప్పుడో తెలిసి ఉండేది. గాలి అప్పుడూ వీచింది, ఇప్పుడూ వీస్తోంది. కళ్లంలో మన కాలపు పంట కుప్పగా పడి ఉంది. చేట మన చేతిలోనే ఉంది.